కొండ మీంచి కనబడిన పడవలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కొండ అంటే ఎక్కేది కాదు, చూసేది. పోర్ట్ బ్లెయిర్ రేవులో ఏ మూల నిలబడినా నీళ్ళకి అవతల హారియెట్ కొండ కనిపిస్తుంది. పొడుగ్గా, పచ్చగా, ఒక పక్కకి ఒత్తిగిలి పడుకున్న మనిషిలా ఉంటుంది. సెలవు రోజుల్లో ఆఫీసుల వాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని, ఫెర్రీలో రేవు దాటి, ఆ కొండ ఎక్కి వచ్చేవారు. అడవిలో ఏమేం చూశారో మర్నాడు బళ్ళో ఆ పిల్లలు కథలు కథలుగా చెప్పేవారు. నేను వెనక బెంచీలో కూర్చుని వినేదాన్ని. ఇంటికొచ్చి నేనే ఎక్కి వచ్చినట్టు అవన్నీ డైరీలో రాసుకునేదాన్ని. మనుషుల ముందు నా నోరు పెగిలేది కాదు గానీ, కాగితం ముందు నాకు బెరుకు ఉండేది కాదు.

మా తాతయ్యకి ఆ కొండతో ఉన్న సంబంధం వేరు. చేపలు పట్టే మనిషికి కొండ ఒక గురుతు. నీళ్ళ మీద దారి ఉండదు, ఊరి పేరు రాసిన బోర్డు ఉండదు. ఫలానా చోట అడుగున రాతిదిబ్బ ఉందనీ, దాని చుట్టూ ఎర్రచేపలు గుంపులుగా తిరుగుతాయనీ ఈ రోజు తెలిసినా, రేపు మళ్ళీ సరిగ్గా ఆ చోటికే చేరడం ఎలా? అందుకని మా వాళ్ళు ఒడ్డు మీద ఉన్న రెండు వస్తువుల్ని చూసుకుంటారు. ఒకటి దగ్గరది, ఒకటి వెనకాల దూరంగా ఉన్నది. ఆ రెండూ ఒక్క గీత మీదకి వచ్చేదాకా పడవని జరుపుతారు. ఇంకో వైపు ఇంకో రెండు వస్తువుల్ని అలాగే కలుపుతారు. గీతలు రెండూ ఎక్కడ కలిస్తే అక్కడ గాలం వేస్తారు. శ్రీకాకుళం తీరంలో మా తాతయ్య తాతలు చేసిన పని అదే. దీవుల్లో కొత్తగా జనాన్ని కుదురుస్తున్న రోజుల్లో ఇక్కడికి వచ్చిపడ్డ మా తాతయ్య చేసిందీ అదే.

తాతయ్య మొదటి గీత హారియెట్ కొండ మీంచి పోతుంది. కొండ నెత్తిన, మిగతా అడవినంతా కాళ్ళ కింద పెట్టుకుని లేచినట్టు, ఒక తెల్లటి మాను ఉండేది. వేసవిలో ఆకు రాల్చాక మరీ తెల్లగా మెరిసేది. తెల్లగా ఉంది, ఎవరితోనూ కలవకుండా నిటారుగా నిలబడింది కాబట్టి తాతయ్య దానికి దొర అని పేరు పెట్టాడు. దొర కిందికి సరిగ్గా ఒడ్డున ఉన్న దీపస్తంభం రావాలి. దీపస్తంభం కట్టకముందు అక్కడున్న నల్లరాయిని చూసుకునేవాడట. "గవర్మెంటోళ్ళు నాకోసరమే దీపం కట్టించారు" అని నవ్వేవాడు. రెండో గీత రేవుకి ఎదురుగా ఉన్న రాస్ దీవి కొస మీంచి పోతుంది. దాని వివరం ఇక్కడ రాయను.

ఆ రెండు గీతలే మా ఇంటికి తిండి పెట్టేవి. తాతయ్య పెద్దవాడై పడవ దిగాక మా నాన్న, చిన్నాన్న వెళ్ళేవారు కాబట్టి వాళ్ళకి తెలుసు. మూడో మనిషిని నేను. ఆడపిల్లకి చెప్పాల్సిన పని లేదు. కానీ ఒక మధ్యాహ్నం తాతయ్య వల బాగుచేస్తూ చేస్తూ, నేల మీద చింతగింజలు పేర్చి, ఇది దొర, ఇది దీపం, ఇదిగో మన పడవ అని నాకు మొత్తం చూపించాడు. పక్కనున్న నానమ్మ, చంటిదానికి అవన్నీ ఎందుకని కసిరింది. "ఈ గుంట నోరిప్పదే. దీని కడుపులో ఏసింది ఇనప్పెట్టిలో ఏసినట్టే" అన్నాడు తాతయ్య. నా నోరు లేనితనాన్ని ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు. ఆ సంగతి డైరీలో కూడా రాయలేదు నేను.

మా తెలుగు చర్చిలో ఈస్టరు మర్నాడు సోమవారం అందరం కలిసి ఊరి బయటికి నడిచి వెళ్ళి వండుకుని తినడం ఆనవాయితీ. ఎమ్మాయు అనే ఊరికి నడిచిన శిష్యుల జ్ఞాపకంగా అని పెద్దలు చెప్పేవారు. పిల్లలకి మాత్రం అది కోడి పులావు, తాడు లాగే పందెం. ఏటా సిప్పీఘాట్ వైపు పొలాల్లోకో, ఏదో ఒక సముద్రపు ఒడ్డుకో వెళ్ళేవాళ్ళం. నాకు పదో ఏడు నడుస్తున్నప్పుడు పాస్టరుగారు ఈసారి హారియెట్ కొండ అన్నారు. అప్పటికి ఆ కొండ ఇంకా నేషనల్ పార్కు కాలేదు. ఫారెస్టు వాళ్ళ అడవి, పైన వాళ్ళ గెస్ట్ హౌసు, అంతే.

ఆ ఏడు అమ్మ బాలింత, నానమ్మ అమ్మ దగ్గర ఉండాలి. పండగ మర్నాడు బజార్లో చేపకి గిరాకీ ఎక్కువని నాన్న, చిన్నాన్న తెల్లవారకుండానే సముద్రం మీదకి వెళ్ళిపోయారు. నా వెంట రావడానికి తాతయ్య ఒక్కడే మిగిలాడు. పైకి విసుక్కున్నాడు గానీ, తెల్లచొక్కాకి ఇస్త్రీ పెట్టించుకున్నాడు, అద్దం ముందు మీసం రెండుసార్లు దువ్వుకున్నాడు. పెళ్ళిచూపులకి వెళ్తున్నావా అని నానమ్మ అడిగితే వినబడనట్టు గుమ్మం వైపు నడిచాడు. గుమ్మం దాటాక నా చెవిలో చెప్పాడు. "పాతికేళ్ళ నుండి దూరం సూపే అయింది. ఈ రోజు దొర దగ్గిరికెల్లి ఒక సలాం కొట్టొత్తాను."

ఫెర్రీలో తాతయ్యదే రాజ్యం. గాలి ఎటు తిరుగుతుందో, ఎదురొస్తున్న పడవ ఎవరిదో, దాని ఇంజను ఎందుకు దగ్గుతోందో అడగనివాళ్ళకి కూడా చెప్పాడు. అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్‌లో దిగి, నడిచి, కొండ మొదట్లో అడవిలోకి అడుగుపెట్టేసరికి ఆ రాజ్యం కాస్తా పోయింది.

నేను బళ్ళో విన్న కథల్లో అడవి ఇలా లేదు. కథల్లో అన్నీ ఒక్కసారే కనిపిస్తాయి. ఇక్కడ మొదట ఏమీ కనిపించలేదు, పచ్చదనం తప్ప. కాసేపు నడిచాక కళ్ళు అలవాటుపడి ఒక్కొక్కటీ బయటికి రావడం మొదలుపెట్టాయి. పడౌక్ మాను వేళ్ళు నేల మీద గోడల్లా లేచి ఉన్నాయి. ఒక గోడ వెనక మా పిల్లలు నలుగురు దాక్కుంటే కనిపించలేదు. చెట్టు బెరడు మీద చిలకపచ్చ రంగు బల్లి ఎండ కాగుతోంది. మా ఇంటి బల్లికి పండగ బట్టలు వేసినట్టుంది. అడవిపందులు రాత్రి తవ్విపోసిన మట్టి ఇంకా తడిగానే ఉంది. తోకకి రెండు పొడుగాటి తీగలు, తీగల చివర చిన్న ఈకలు ఉన్న నల్లటి పిట్ట ఒకటి మా ముందు కొమ్మ నుంచి కొమ్మకి ఎగురుతూ, ఇంకో నాలుగు పిట్టల గొంతులు అనుకరిస్తోంది. పక్కింటి అక్క నా చెయ్యి పట్టుకుని నడుస్తూ, ఆగకుండా మాట్లాడుతూ, ఆ పిట్టకి తన పేరు నేర్పాలని చూసింది. నాకైతే ఎవరూ నన్ను ఏమీ అడగని చోటికి వచ్చినట్టు హాయిగా అనిపించింది.

తాతయ్యకి మాత్రం ఊపిరాడలేదు. ఆయాసం వల్ల కాదు, సముద్రం కనబడక. పుట్టి బుద్ధెరిగాక నీళ్ళు కంటికి కనిపించని చోట ఆయన గంటసేపు ఉన్నదే లేదు. దారి మెలికలు తిరుగుతోంది. ప్రతి మలుపులోనూ నన్ను ఆపి, "ఓలే, సముద్రం ఎటుందే?" అని అడిగేవాడు. నేను చెయ్యి చూపిస్తే నమ్మేవాడు కాదు. ఒక మలుపు దగ్గర, వీళ్ళంతా తప్పుదారిన పోతున్నారు, నీళ్ళు ఇటుంటే కొండ కొస అటుంటుందని తేల్చుకుని, బాట వదిలి తిన్నగా పొదల్లోకి నడిచాడు. పది అడుగులు కూడా వెయ్యకముందే బెత్తం ముళ్ళలో చిక్కుకున్నాడు. ఆ ముళ్ళు పట్టుకుంటే వదలవు. పాస్టరుగారు, పక్కింటి బాబాయి చెరో వైపు పట్టుకుని బయటికి లాగారు. ఇస్త్రీ చొక్కా వీపు మీద రెండుగా చీలింది.

పక్కింటి బాబాయి అంటే అక్క వాళ్ళ నాన్న. ఆయనకీ సొంత పడవ ఉంది. ఆ రోజు దాన్ని తమ్ముడికి అప్పగించి పిక్నిక్‌కి వచ్చాడు. మా తాతయ్య తన రాతిదిబ్బ సంగతి లోకంలో అందరికన్నా ఎక్కువగా దాచింది ఆ బాబాయి దగ్గరే.

"ఏటి పెదనాన్నా, ఇక్కడ లంగరేసీసావు? చేపలున్నాయా?" అన్నాడు బాబాయి ముళ్ళు పీకుతూ.

"నీకు సూపిత్తానేట్రా?" అన్నాడు తాతయ్య, ఆ ముళ్ళ మధ్య నుంచే.

పైకి చేరేసరికి పది దాటింది. అడవి ఒక్కసారిగా అయిపోయి, గెస్ట్ హౌసు ముందు గడ్డినేల, దాని అంచు నుంచి కింద సముద్రం. గాలి మొహాన కొట్టింది. మా రేవు, మా ఊరు, ఫెర్రీ, అన్నీ అరచేతిలో పెట్టుకునేంత చిన్నవి. దీపస్తంభం అగ్గిపుల్ల అంత. రాస్ దీవికి ఒక ముందూ ఒక వెనకా ఉన్నాయని అంతవరకూ నాకు తెలియదు. ఊళ్ళోంచి చూస్తే ముందు వైపే కనిపిస్తుంది.

తాతయ్యకి ప్రాణం లేచి వచ్చింది. మిగతావాళ్ళు పొయ్యి రాళ్ళు వెతుకుతుంటే ఆయన దొరని వెతకడం మొదలుపెట్టాడు. తీరా చూస్తే దొర కనబడలేదు. సముద్రం మీంచి చూస్తే ఒక్కటే ఉన్న తెల్లమాను, ఇక్కడికొచ్చి చూస్తే అలాంటివి పది ఉన్నాయి. కింద నిలబడి చూస్తే ఏ చెట్టు ఎత్తో ఏది పొట్టో తెలియదు, కొమ్మల్లో కొమ్మలు కలిసిపోతాయి. ఆఖరికి గెస్ట్ హౌసు పక్కనున్న ఒక పెద్ద మానుని ఖాయం చేసుకుని, చెప్పులు విడిచి, రెండు చేతులూ చాచి కావలించుకున్నాడు. కళ్ళు మూసుకుని ఏదో చెప్పుకుంటున్నాడు కూడా. అటుగా వచ్చిన ఫారెస్టు గార్డు నిలబడి చూసి, "అరే చాచా, ఏం చేస్తున్నారు? అది బాదాం చెట్టు. మొన్ననే పురుగుల మందు కొట్టాం" అన్నాడు హిందీలో. తాతయ్య చటుక్కున వెనక్కి దూకి చొక్కాకి చేతులు తుడుచుకున్నాడు.

ఆయన మొహం చూస్తే నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. అప్పుడు నాకు తాతయ్య పేర్చిన చింతగింజలు గుర్తొచ్చాయి. సముద్రం మీంచి చూసి పడవ చోటు కనిపెట్టొచ్చు అంటే, కొండ మీంచి చూసి చెట్టు చోటు కూడా కనిపెట్టొచ్చు కదా! నాన్న పడవ ఇప్పుడు దిబ్బ మీదే ఉంటుంది. దానికి నీలం రంగు టార్పాలిన్ కట్టి ఉంటుంది. తాతయ్య చెవిలో గుసగుసగా చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఇద్దరం కొండ అంచు పట్టుకుని పక్కపక్కకి నడవడం మొదలుపెట్టాం. దూరంగా నీళ్ళ మీద నీలం చుక్క ఒకటి, ఇవతల దీపస్తంభం. నడుస్తుంటే రెండూ మెల్లమెల్లగా దగ్గరికొచ్చాయి, తాకాయి, ఒకదాని మీద ఒకటి నిలబడ్డాయి. మేం ఆగి వెనక్కి తిరిగాం.

దొర మా వెనకే ఉంది. ఎంత పెద్ద మాను అంటే మేమిద్దరం చేతులు కలిపినా సగం చుట్టు రాలేదు. ఒక్క ఆకు లేదు. పొట్ట మీద ఎర్రరంగుతో గుండ్రంగా ఒక పట్టీ, దాని కింద ఒక నంబరు వేసి ఉన్నాయి.

దీవుల్లో పుట్టిన పిల్లలకి ఆ ఎర్రపట్టీ అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు. కొట్టబోయే చెట్టుకే అది వేస్తారు.

రేంజరుగారు ఆ రోజు కొండ మీదే ఉన్నారు. ఉత్తరాది మనిషి, మెడలో దుర్భిణి, మెత్తటి గొంతు. కొండ ఎక్కే జనం ఎక్కువయ్యారనీ, సముద్రం చూడడానికి ఇక్కడ చెక్కలతో ఒక మంచె కడుతున్నామనీ, ఈ ధూప్ చెట్టు సరిగ్గా చూపుకి అడ్డంగా ఉందనీ, ఈ వారంలోనే కొట్టించేస్తామనీ చెప్పారు. ఆయన చెప్తుంటే మా వాళ్ళంతా ఒకరొకరుగా చుట్టూ చేరారు. పక్కింటి బాబాయి అందరికన్నా ముందున్నాడు.

తాతయ్య చిక్కు నాకు అర్థమైంది. చెట్టు పోతే దిబ్బ పోయినట్టే. నాన్న, చిన్నాన్న రోజంతా నీళ్ళ మీద గుడ్డిగా తిరగాలి. చెట్టుని కాపాడాలంటే అది ఎందుకు కావాలో చెప్పాలి. చెప్తే, ఈ చెవులన్నిటిలోనూ పడుతుంది. తాతయ్య గొంతు సవరించుకున్నాడు.

"సాబ్, ఈ చెట్టు మీద దెయ్యముంది. కొట్టినోడు బతకడు" అన్నాడు. పాస్టరుగారు గట్టిగా దగ్గారు. తాతయ్య ఆ దారి వదిలేశాడు.

"దెయ్యం అంటే దెయ్యం కాదనుకోండి. పైన సముద్రపు గద్ద గూడు పెట్టింది. పాపం, పిల్లలున్నాయి."

రేంజరుగారు దుర్భిణి ఎత్తి కొమ్మ కొమ్మా ఓపిగ్గా వెతికారు. గూడు లేదన్నారు.

"పోనీ, ఎండన పడి వచ్చినోళ్ళకి నీడ బాగుంటది కదా, సాబ్?"

అందరూ తలెత్తి చూశారు. ఆకు ఒక్కటి కూడా లేని మాను. పక్కింటి అక్క కిసుక్కుమంది, అందరూ నవ్వారు, రేంజరుగారు కూడా. నవ్వు ఆగాక ఆయన, "చాచా, సచ్ బోలో. ఈ చెట్టుతో మీకేం పని?" అని అడిగారు. వెటకారంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే. తాతయ్య నోరు తెరిచి, బాబాయి వైపు చూసి, మళ్ళీ మూసుకున్నాడు. తల కిందికి దించుకుని చీలిన చొక్కా సర్దుకోవడం మొదలుపెట్టాడు. తాతయ్యకి మాట దొరక్కపోవడం నేను మొదటిసారి చూశాను. అది ఎలా ఉంటుందో ఆ గుంపులో అందరికన్నా నాకే బాగా తెలుసు.

"సాబ్, యే హమారా నిశాన్ హై" అన్నాను.

అది నా గొంతేనని నాకే తెలియలేదు. ఇది మా గురుతు అన్న ఆ ఒక్క మాటతో ఆగి ఉంటే పోయేది. కానీ మొదలుపెట్టాక ఆగడం ఎలాగో, అలవాటు లేనిదాన్ని కదా, నాకు తెలియలేదు. రేంజరుగారిని మానుకి వీపు ఆనించి నిలబెట్టాను. అదిగో దీపస్తంభం, దాని మీదుగా చూడండి, నీలం టార్పాలిన్ పడవ మా నాన్నది, అక్కడ అడుగున దిబ్బ ఉంది, ఈ చెట్టు లేకపోతే నాన్నకి అది దొరకదు అని హిందీలో, మధ్యలో తెలుగులో, గబగబా మొత్తం చెప్పేశాను. తాతయ్య వైపు చూడలేకపోయాను. ఇనప్పెట్టి తెరుచుకుపోయింది, అదీ బాబాయి ముందు.

రేంజరుగారు చాలాసేపు దుర్భిణిలోంచి చూశారు. "అరే వాహ్" అన్నారు. తర్వాత, "మరి అటు దీవి వెనకాల ఆగి ఉన్న పడవలు ఎవరివి?" అని అడిగారు.

తాతయ్య తలెత్తాడు. ఏ పడవలు అంటూ దుర్భిణి లాక్కున్నంత పని చేశాడు. ముందు తిరగేసి పట్టుకున్నాడు, గార్డు సరిచేశాడు. నాకు ఉత్త కళ్ళకే కనిపిస్తోంది. రాస్ దీవి వెనక వైపున, దిబ్బ మీదున్నవాళ్ళకి కనబడని మరుగున, నాలుగు చుక్కలు కదలకుండా ఉన్నాయి. సముద్రం మీద ఉన్న మనిషికి అవి ఎన్నటికీ కనబడవు. కొండ మీద నిలబడితేనే కనిపిస్తాయి.

మేం చూస్తుండగానే మా నీలం పడవ లంగరు ఎత్తి రేవు వైపు తిరిగింది. అది కాస్త దూరం వెళ్ళింది. అప్పుడు దీవి వెనకాల నుంచి నాలుగు చుక్కలూ ఒకదాని వెనక ఒకటి, తొందర లేకుండా, బయటికి వచ్చాయి. తిన్నగా వెళ్ళి, మా పడవ ఇంతసేపూ ఉన్న చోటే ఆగాయి.

పొయ్యి మీద పులావు అడుగంటుతున్న వాసన వస్తున్నా ఎవరూ కదల్లేదు.

"ముందరున్నది పసుపు మూతి పడవ" అన్నాడు తాతయ్య దుర్భిణి దించకుండానే. "నీదేరా అది."

పక్కింటి బాబాయి తల గోక్కున్నాడు. "మాదే, పెదనాన్నా."

"ఎన్నాళ్ళ నుండీ?"

"మా నాయన బతికున్నప్పటి నుండీ."

"దొంగ నాయాళ్ళు!" అన్నాడు తాతయ్య. ఆ కోపంలో ఏదో లోటు ఉంది, ఆయన గొంతు అప్పటికే సగం నవ్వులో పడిపోయింది. "మరి నేనుండగా ఎప్పుడూ రాలేదేం?"

"ఎలా వత్తాం? నువ్వు కనిపెట్టిన సోటు. నీ పడవ తిరక్కుండా మేం గాలం ఏత్తే ఏం మర్యాద? దాని సంగతి నీ కాడ ఎత్తకండ్రా, ముసిలోడు దాసుకోడంలో సరదా పడతన్నాడు, పాడు సెయ్యకండి అని మా నాయన మా అందరి కాడా మాట తీసుకున్నాడు."

వెనక నుంచి ఇంకో ముగ్గురు, మాదీ అదే లెక్క అన్నారు. పాతికేళ్ళుగా మా ఇంట్లో గుసగుసలుగా దాచిన రహస్యాన్ని, గోడ అవతల ఇంకో నాలుగు ఇళ్ళు మా కోసం దాచిపెడుతూ వచ్చాయన్నమాట.

"ఆ కొక్కిరాయి చెట్టు పోతే మేమూ మునిగిపోతాం, సాబ్" అన్నాడు బాబాయి రేంజరుగారితో.

"కొక్కిరాయా?" తాతయ్య దుర్భిణి దించాడు. దిబ్బ పోయినప్పుడు కూడా రాని కోపం ఇప్పుడు వచ్చింది. "దొరరా అది! దొర లాంటి మానుని పట్టుకుని కొక్కిరాయి అంటావా?"

"మేం సున్నం గుంజ అంటాం" అన్నారు వెనకవాళ్ళు. అంతే, ఆ చెట్టు పేరు మీద పెద్ద తగువు మొదలైంది. రేంజరుగారు చేతులెత్తి దండం పెట్టేదాకా ఆగలేదు.

నంబరు పడిన చెట్టుని వదిలెయ్యడం తన ఒక్కడి చేతిలో లేదనీ, అర్జీ రాసిస్తే పెద్ద ఆఫీసరుకి పంపి తనూ గట్టిగా రాస్తాననీ ఆయన చెప్పారు. హిందీలో తప్పుల్లేకుండా ఎవరు రాస్తారని అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. పక్కింటి అక్క నన్ను ముందుకి తోసింది. గెస్ట్ హౌసు మెట్ల మీద కూర్చుని రాశాను. చెట్టు పేరు దగ్గర ఆగి ఏం రాయాలని అడిగితే మళ్ళీ అరుపులు. మూడు పేర్లూ రాశాను. సంతకం వచ్చినవాళ్ళు సంతకం, రానివాళ్ళు వేలిముద్ర. తాతయ్య వేలికి సిరా బదులు పొయ్యి మసి పూసుకుని అందరికన్నా పైన ముద్ర వేశాడు. తర్వాత మాడిన పులావు తిన్నాం, తాడు లాగాం, చీకటి పడకముందే దిగాం. దిగేటప్పుడు తాతయ్య ఒక్కసారి కూడా సముద్రం ఎటుందని అడగలేదు. బాబాయి భుజం మీద చెయ్యి వేసి నడిచాడు.

ఆ తర్వాత రెండు వారాలు మా వీధిలో ఎవరు నిద్రలేచినా ముందు రేవు దగ్గరికి వెళ్ళి కొండ నెత్తి వైపు చూసి వచ్చేవారు. దొర ఉన్నాడా? ఉన్నాడు. మూడో ఆదివారం గార్డు చర్చి దగ్గరికి వచ్చి, మంచెని పక్కకి జరిపి కడుతున్నామనీ, చెట్టు మీద ఎర్రపట్టీకి తారు పూసేశామనీ చెప్పి, మా వాళ్ళు పెట్టిన చేపల కూర తిని వెళ్ళాడు.

రహస్యం బయటపెట్టినందుకు తాతయ్య నన్ను ఒక్క మాట అనలేదు. "ఇనప్పెట్టికి తాళం ఉండాలి గానీ, తాళంచెవి కూడా ఉండాలే" అన్నాడు, అంతే. అది కాదు నేను చెప్పదలుచుకున్నది. చెప్పదలుచుకున్నది కొండ దిగిన మర్నాటి సంగతి.

మర్నాడు నాన్న వల సర్దుకుంటుంటే తాతయ్య దగ్గరికెళ్ళి, ఇక మీదట దిబ్బ మీద అంతసేపు కూర్చోవద్దు, గంట ముందే లంగరు ఎత్తెయ్యండి అన్నాడు. ఎందుకని నాన్న అడిగితే, "ఎండెక్కిపోతంది. చేప పాడైపోతంది" అన్నాడు. దీవి వెనక ఎదురుచూసే పడవల మాట ఎత్తలేదు. ఆ రోజు నుంచి మా పడవ గంట ముందే తిరిగొచ్చేది. ఆ నాలుగు పడవలూ గంట ముందే బయటికి వచ్చేవి. ఎప్పుడైనా బాబాయి మా అరుగు మీద కూర్చుని, ఈ మధ్య చేపలు ఎక్కడ పడుతున్నాయి పెదనాన్నా అని అడిగితే, తాతయ్య కళ్ళు చిన్నవి చేసి, నీకు చెప్తానేట్రా అనేవాడు. బాబాయి నిరాశపడ్డట్టు మొహం పెట్టేవాడు. ఇద్దరూ ఆ ఆటని తాతయ్య పోయేదాకా వదల్లేదు.

ఇప్పుడు నేను మా ఊళ్ళోనే, డెలానీపూర్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. ఇప్పటికీ పదిమందిలో నా గొంతు పైకి లేవదు. కానీ మాట దొరక్క తల దించుకున్న మనిషి కనిపిస్తే మాత్రం లేస్తుంది. ఎవరైనా తమకి ప్రియమైనదేదో దాచుకుంటున్నారని తెలిసినప్పుడు, అదేమిటో నాకు ముందే తెలిసినా, తెలియనట్టు దీవి వెనకాల ఆగుతాను. నా పనిలో నేను మునిగి ఉన్నప్పుడు ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందనిపిస్తే తల ఎత్తి చూస్తాను. ఎవరో ఒకరు నా పని అయ్యేదాకా అడ్డు రాకుండా ఆగి ఉంటారు. అప్పుడు, ఎండెక్కిపోతోందని చెప్పి, గంట ముందే లేస్తాను.